సరస్సులో పవర్ బోటు: ఒడ్డు కోసుకుపోకుండా, నీళ్లు పాడవకుండా

సరస్సులో ప్రాణమంతా అంచులోనే ఉంటుంది. చేప గుడ్లు పెట్టేదీ, కప్పపిల్లలు ఎదిగేదీ, నీటిపక్షి గూడు కట్టేదీ, నీటిమొక్క వేరు దించేదీ చాలావరకు ఒడ్డు నుంచి పదిహేను అడుగుల లోతు వచ్చేలోపే. పవర్ బోటు చేసే నష్టంలోనూ ఎక్కువ భాగం అక్కడే జరుగుతుంది. నడిసరస్సులో ముప్పై అడుగుల నీటి మీద జోరుగా పోయే బోటు కన్నా, ఒడ్డు పక్కన నాలుగడుగుల నీళ్లలో ముక్కు పైకెత్తి నడిచే బోటు ఎక్కువ చెరుపు చేస్తుంది. స్టీరింగ్ పట్టుకున్నవాళ్ల మనసులో ఎప్పుడూ రెండు లెక్కలు నడుస్తూ ఉండాలి: ఒడ్డు ఎంత దూరంలో ఉంది, కింద ఎన్ని అడుగుల నీళ్లున్నాయి.

అమెరికాలో వేసవికి పాంటూన్ (లోహపు గొట్టాల మీద తేలే చదునైన బోటు) అద్దెకు తీసుకునే తెలుగువాళ్లకూ, మొదటి బోటు కొనుక్కున్నవాళ్లకూ పనికొచ్చేలా ఇది రాశాం. వివరాలు ఎక్కువగా మినెసోటావి. అక్కడ 10 ఎకరాలు, అంతకు మించిన సరస్సులే 11,842 ఉన్నాయి, నియమాలు కూడా వివరంగా ఉన్నాయి. టెక్సస్ సంగతులు అవసరమైన చోట చెప్పాం. నియమాలు రాష్ట్రాన్ని బట్టి, ఒక్కోసారి సరస్సును బట్టి మారతాయి కాబట్టి రాంప్ (బోటును నీళ్లలోకి దించే వాలు) దగ్గరున్న బోర్డు పూర్తిగా చదివాకే బోటు దించండి.

సగం వేగమే అన్నిటికన్నా చెడ్డది

బోటు నడక మూడు రకాలు. బాగా నెమ్మదిగా ఉన్నప్పుడు అది నీటిని పక్కలకు తోసుకుంటూ, సమంగా తేలుతూ పోతుంది. వేగం బాగా అందుకున్నాక అడుగుభాగం పైకి లేచి నీటి మీద జారుతుంది. దీన్ని ప్లేన్ ఎక్కడం అంటారు. ఈ రెండింటి మధ్య ముక్కు ఆకాశం వైపు లేచి, వెనక భాగం కుంగి, నీటిని దున్నుకుంటూ పోయే దశ ఒకటుంది. అతిపెద్ద అల లేచేది అప్పుడే. ఇరవై అడుగుల మామూలు షికారు బోటులో (రన్‌అబౌట్) ఇది సుమారుగా గంటకు 7 నుంచి 12 మైళ్ల మధ్య వస్తుంది.

ఒడ్డు దగ్గరపడగానే థ్రాటిల్ (వేగం పెంచే, తగ్గించే లివర్) సగానికి తగ్గించి, ఇక ఇబ్బంది లేదనుకునేవాళ్లు చాలామంది. బోటు ప్లేన్ దిగి సరిగ్గా ఈ మధ్య దశలో పడుతుంది, అల రెట్టింపవుతుంది. తగ్గించేటప్పుడు పూర్తిగా తగ్గించాలి. బోటు వెనక లేచే అలను వేక్ అంటారు. స్లో-నో-వేక్, లేదా నో-వేక్, అంటే స్టీరింగ్ మాట వినడానికి చాలినంత కనీస వేగం. మినెసోటాలో అది గంటకు 5 మైళ్లు దాటకూడదు. స్పీడోమీటర్ అంత తక్కువ వేగాన్ని నమ్మకంగా చూపదు, అందుకని వెనక్కి తిరిగి చూడండి. తెల్లటి నురగ కనిపించకూడదు, బోటు వెనక నీళ్లు ముడతలు పడాలే తప్ప మడత తిరిగి విరగకూడదు. పాంటూన్‌లో ముక్కు పెద్దగా పైకి లేవదు కాబట్టి, ముక్కును చూసి అంచనా వేస్తే మోసపోతారు.

అల ఎత్తు రెట్టింపైతే దాని శక్తి నాలుగింతలవుతుంది. ఐదంగుళాల అల గడ్డి దుబ్బుల మధ్య ఆరిపోతుంది. పదంగుళాల అల అదే దుబ్బు వేళ్ల కింది మట్టిని లాక్కుపోతుంది. అందుకే అల ఎత్తు రెండంగుళాలు తగ్గినా ఒడ్డుకు మేలే. అలా తగ్గించడానికి చేయగలిగినవి: మనుషులంతా వెనక సీట్లలో కూర్చుంటే వెనక భాగం కుంగుతుంది, కొందరిని మధ్యలోకి రమ్మనండి (పాంటూన్ ముందు గేటు బయట మాత్రం ఎవరూ కూర్చోకూడదు). వేగం అందుకునే ముందు ఔట్‌బోర్డ్‌ను (బోటు వెనక బయట తగిలించే ఇంజిన్) పూర్తిగా లోపలికి ట్రిమ్ చేస్తే, అంటే బోటు వైపు వంచితే, ముక్కు త్వరగా దిగి బోటు తొందరగా ప్లేన్ ఎక్కుతుంది. బోటు మీదున్న కెపాసిటీ ప్లేటులో రాసిన బరువు దాటకండి. ఆ ప్లేటు భద్రత కోసమే అయినా, బరువెక్కిన బోటు లేపే అల కూడా పెద్దదే.

పిల్లల్ని ట్యూబు మీద కూర్చోబెట్టి లాగేటప్పుడు చిన్న వలయాల్లో గిరగిరా తిప్పడం మామూలు. అలలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఎత్తు పెరిగేది ఇక్కడే. పొడవాటి తిన్నని దారుల్లో లాగండి. నాలుగైదు సార్లు తిరిగాక చోటు మార్చండి. ఒకే కొస ఒడ్డుకు మధ్యాహ్నమంతా అలలు తగిలితే అక్కడి మట్టికి నిలదొక్కుకునే వీలుండదు.

దూరాన్ని క్రికెట్ పిచ్‌తో కొలవండి

నీటి మీద దూరాన్ని కంటితో సరిగా అంచనా వేయడం కష్టం. క్రికెట్ పిచ్ పొడవు 22 గజాలు, అంటే 66 అడుగులు. అది మనకు బాగా అలవాటైన కొలత. మూడు పిచ్‌లు 200 అడుగులు, ఏడున్నర పిచ్‌లు 500 అడుగులు.

మినెసోటాలో జెట్ స్కీ లాంటి వాటర్‌క్రాఫ్ట్‌లు ఒడ్డుకు, డాక్‌లకు (బోట్లు కట్టేసే వేదికలు), ఈతగాళ్లకు 150 అడుగుల లోపు నో-వేక్ వేగంలోనే ఉండాలని చట్టం. మిగతా మోటారు బోట్లకు కనీసం 200 అడుగుల దూరం పాటించమని ఆ రాష్ట్ర సహజవనరుల శాఖ చెబుతుంది. పక్కనున్న విస్కాన్సిన్‌లో సరస్సు ఒడ్డుకు 100 అడుగుల లోపు మోటారు బోట్లన్నీ నో-వేక్‌లో ఉండాల్సిందే. ఎక్కడున్నా 200 పెట్టుకుంటే సరిపోతుంది. రెండు ఒడ్ల మధ్య 400 అడుగులు లేని ఇరుకు పాయ వస్తే ఆ దూరం ఎలాగూ దొరకదు, దాన్ని మొదటి నుంచి చివరిదాకా నో-వేక్‌లో దాటండి.

వేక్‌సర్ఫింగ్ అంటే బోటు వెనక లేచే అల మీద పలకపై నిలబడి జారే ఆట. ఆ బోటు సంగతి వేరు. అది బరువు కోసం బ్యాలస్ట్ ట్యాంకుల్లో వేల పౌన్ల నీళ్లు నింపుకుని, గంటకు 10, 12 మైళ్ల దగ్గర కావాలనే మధ్య దశలో నడుస్తుంది. పెద్ద అల లేపడమే దాని పని. మినెసోటా విశ్వవిద్యాలయంలోని సెయింట్ ఆంథొనీ ఫాల్స్ ల్యాబొరేటరీ పరిశోధకులు అలలు కొలిచి 2022లో తేల్చింది ఇదీ: మామూలు బోటు అల 200 అడుగుల దూరంలో ఎంత ఉంటుందో, వేక్‌సర్ఫ్ బోటు అల ఆ స్థాయికి తగ్గడానికి 500 అడుగులకు పైనే పడుతుంది. కాబట్టి రెండు వైపులా 500 అడుగులు దొరకని చిన్న సరస్సులో సర్ఫ్ చేయకపోవడమే సరి. ఆ ఆట పెద్ద సరస్సులకు తగ్గది.

కింద ఎన్ని అడుగులు

అల కంటికి కనిపిస్తుంది. ప్రొపెల్లర్ వెనక్కి చిమ్మే నీటిధార కనిపించదు, అందుకే దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. బోటు ప్లేన్ ఎక్కే ఆ కొద్ది సెకన్లలో వెనక భాగం కుంగి ధార కిందికి తిరుగుతుంది. లోతు తక్కువైతే అది నేరుగా అడుగు బురదను తవ్వుతుంది. ఇసుక అయితే కాసేపటికి దిగిపోతుంది. మెత్తటి ఒండ్రు రోజుల తరబడి తేలుతూనే ఉంటుంది. ఆ ఒండ్రులో ఏళ్లుగా పేరుకున్న ఫాస్ఫరస్ నీటిలో కలిస్తే పాచికి ఎరువు దొరికినట్టే. నీళ్లు మసకబారి అడుగుకు వెలుతురు అందదు, మొక్కలు చస్తాయి, మొక్కల వేళ్లు వదిలేసిన బురద మరింత తేలిగ్గా లేస్తుంది. ఒకసారి ఈ గొలుసు మొదలైతే దాన్ని ఆపడం చాలా కష్టం.

అదే ల్యాబొరేటరీ 2025లో ఇచ్చిన సూచన: మామూలు బోట్లు వేగంగా నడవడానికి కనీసం 10 అడుగుల లోతు, వేక్‌సర్ఫింగ్‌కు కనీసం 20 అడుగులు ఉండాలి. పాటించే పద్ధతి ఇలా:

1. బయల్దేరే ముందు సరస్సు లోతుల మ్యాప్ చూడండి. మినెసోటాలో సహజవనరుల శాఖ వెబ్‌సైటులోని లేక్‌ఫైండర్‌లో చాలా సరస్సుల మ్యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. 10 అడుగుల గీత ఎక్కడుందో, మధ్యలో మెరక దిబ్బలు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకోండి.

2. డెప్త్ ఫైండర్ (లోతు కొలిచే పరికరం) చూపేది ట్రాన్స్‌డ్యూసర్ (నీటిలో ఉండే దాని సెన్సర్) నుంచి అడుగు దాకా ఉన్న దూరం. ప్రొపెల్లర్ దానికన్నా కిందికి ఉంటుంది. సెట్టింగుల్లో ఆ తేడాను (ఆఫ్‌సెట్) సరిచేయండి, అలారం 10 అడుగులకు పెట్టండి.

3. డాక్ నుంచి 10 అడుగుల లోతు దాకా నో-వేక్‌లోనే వెళ్లి, ముక్కును నడిసరస్సు వైపు తిప్పాకే థ్రాటిల్ తెరవండి. స్కీ ఆడేవాళ్లను డాక్ దగ్గర నుంచి లాగడం మొదలుపెట్టకండి. లోతులోకి తీసుకెళ్లి అక్కడ నీళ్లలోకి దించండి.

4. మూడు నాలుగు అడుగుల నీళ్లలో వెళ్లక తప్పకపోతే ఔట్‌బోర్డ్‌ను పైకి ట్రిమ్ చేయండి. అప్పుడు ధార అడుగుకు తగలదు. చల్లదనం కోసం నీళ్లు పీల్చే రంధ్రాలు మాత్రం మునిగే ఉండాలి. ఇంజిన్ పక్క నుంచి సన్నని నీటిధార వస్తోందో లేదో చూస్తూ ఉండండి. అది ఆగితే ఇంజిన్ వేడెక్కుతోందని అర్థం.

5. రెండడుగుల లోపు అయితే ఇంజిన్ ఆపి తెడ్డు వేయండి.

వెనక నీళ్లు టీ రంగుకు తిరిగాయంటే మీరు అడుగును తవ్వుతున్నట్టే. వెంటనే న్యూట్రల్‌లో పెట్టండి. రివర్స్ వేసి లాగితే బురద ఇంకా లేస్తుంది, ఇంజిన్ పంపులోకీ వెళ్తుంది.

తుంగ, జమ్ము, అడవి వరి కనిపించిన చోటుకు మోటారుతో వెళ్లకండి. అవి ఒడ్డుకు కట్టిన కంచె లాంటివి. అల బలాన్ని అవే ముందుగా విరుస్తాయి. లంగరు కూడా మొక్కలు లేని ఇసుక అడుగు చూసి వేయాలి. తాడు పొడవు లోతుకు ఐదు నుంచి ఏడింతలు వదలండి. 8 అడుగుల లోతుకు 40 నుంచి 56 అడుగులు. తాడు చాలకపోతే లంగరు పట్టు దొరక్క ఈడ్చుకుపోతూ మొక్కల్ని వేళ్లతో పెకలిస్తుంది.

మే, జూన్ నెలల్లో మరింత జాగ్రత్త అవసరం. బాస్, సన్‌ఫిష్ చేపలు మోకాలి లోతు నుంచి నడుము లోతు నీళ్లలో పళ్లెం లాంటి గుంటలు చేసి గుడ్లు పెడతాయి, మగ చేప కాపలా కాస్తుంది. మినెసోటా రాష్ట్రపక్షి లూన్‌కు కాళ్లు బాగా వెనక్కి ఉండటంతో నేల మీద సరిగా నడవలేదు. అందుకే గూడు సరిగ్గా నీటి అంచున కడుతుంది. పొదగడానికి నాలుగు వారాలు పడుతుంది. ఆ మధ్యలో ఒక్క పెద్ద అల వచ్చినా గుడ్లు దొర్లి నీళ్లలో పడతాయి. లూన్ నీటి మీద నిలబడినట్టు లేచి రెక్కలు కొడుతూ అరుస్తోందంటే మీరు దగ్గరికొచ్చేశారని అర్థం. ఫొటో ఆలోచన మానేసి నెమ్మదిగా వెనక్కి మళ్లండి.

పెట్రోలు, నూనె, మురుగు

ట్యాంకు అంచుదాకా నింపకండి. ఎండకు పెట్రోలు వ్యాకోచించి వెంట్ (గాలి రంధ్రం) నుంచి నీళ్లలోకి కారుతుంది. 90 శాతం దగ్గర ఆపండి. 3, 6 గ్యాలన్ల ప్లాస్టిక్ ట్యాంకుల్ని డాక్ మీదో బోటులోనో నింపకుండా ఒడ్డుకు తెచ్చి నేల మీద పెట్టి నింపండి. పికప్ ట్రక్కు వెనక పెట్టి నింపితే స్టాటిక్ విద్యుత్తుతో నిప్పురవ్వ పుట్టే ప్రమాదం ఉంది. నాజిల్ తీసేటప్పుడు కింద నూనె పీల్చే గుడ్డ పట్టుకోండి. ఇన్‌బోర్డ్ బోటులో (ఇంజిన్ లోపలే ఉండేది) పెట్రోలు పోశాక, ఆవిరిని బయటికి తోసే బ్లోయర్‌ను కనీసం నాలుగు నిమిషాలు నడిపించి, వాసన లేదని చూసుకున్నాకే స్టార్ట్ చేయండి. పదిహేను శాతం ఇథనాల్ కలిసిన ఇ15 ఇంధనం బోటు ఇంజిన్లకు వాడకూడదు.

కార్బురేటర్ ఉన్న పాత టూ-స్ట్రోక్ ఔట్‌బోర్డ్ వాడుతుంటే మార్చే ఆలోచన చేయండి. అది తాగే పెట్రోలులో నాలుగో వంతు దాకా మండకుండానే నీళ్లలోకి పోగలదు. టాహో సరస్సులో ఇలాంటి ఇంజిన్లను 1999లోనే నిషేధించారు.

బిల్జ్‌లో (బోటు అడుగున నీళ్లు చేరే చోటు) నూనె పీల్చే సాక్ ఒకటి ఎప్పుడూ ఉంచండి. నూనె తేలుతుంటే బిల్జ్ పంపు ఆన్ చేయకండి. నీటి మీద ఇంద్రధనుస్సు రంగుల పొర కనిపిస్తే డిష్‌సోప్ పోసి చెదరగొట్టడం చట్టరీత్యా నేరం. పొర మాయమైనట్టు కనిపించినా, నూనె బిందువులుగా విడిపోయి కిందికి దిగి చేపలకు మరింత హాని చేస్తుంది. కారే చోటు మూసి, ప్యాడ్‌లతో పీల్పించి, ఇలాంటి సమాచారం తీసుకునే ప్రభుత్వ కేంద్రం నేషనల్ రెస్పాన్స్ సెంటర్‌కు 1-800-424-8802లో చెప్పండి.

పోర్టబుల్ టాయిలెట్‌ను మెరీనాలోని (బోట్ల రేవు) పంప్‌అవుట్ (మురుగు తోడే యంత్రం) దగ్గరే ఖాళీ చేయాలి. మిగిలిన పులిహోర, మరమరాలు చేపలకు వేస్తే పుణ్యం అనిపిస్తుంది, కానీ ఆ గింజల్లో ఉన్నదీ ఫాస్ఫరసే. ఇంటికి తెచ్చేయండి. పేపరు ప్లేట్లు, కవర్లు మూత ఉన్న డబ్బాలో పెట్టకపోతే బోటు వేగం అందుకోగానే ఎగిరిపోతాయి.

నీళ్ల నుంచి తీసేటప్పుడు

మొత్తం రోజులో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది రాంప్ దగ్గర గడిపే చివరి పావుగంటలో. అల చేసిన గాయం కొంత మానుతుంది. ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకు మోసుకెళ్లిన జీవిని వెనక్కి తెచ్చే దారి లేదు.

గుర్రపుడెక్క చెరువును కమ్మేయడం మనవాళ్లు చూసిందే. యూరేషియన్ మిల్‌ఫాయిల్ నీటి కింద పెరిగే అలాంటిదే. విరిగిన చిన్న ముక్క చాలు, కొత్త చోట వేరు పట్టడానికి. మినెసోటాలోని మినెటోంకా సరస్సులో దాన్ని 1987లో గుర్తించారు. టెక్సస్‌లో హైడ్రిల్లా, జెయింట్ సాల్వీనియా అనే నీటి కలుపుమొక్కలు ఉన్నాయి. సాల్వీనియా అనుకూలిస్తే వారంలో రెట్టింపవుతుంది. వీటన్నిటికన్నా మొండిది జీబ్రా మసెల్ అనే గోరంత చారల ఆల్చిప్ప. కాస్పియన్, నల్ల సముద్రాల ప్రాంతపు జీవి. ఓడల బ్యాలస్ట్ నీళ్లతో గ్రేట్ లేక్స్‌కు వచ్చి 1988లో బయటపడింది, టెక్సస్‌లోని టెక్సోమాకు 2009లో, మినెటోంకాకు 2010లో, ఆస్టిన్ పక్కనున్న ట్రావిస్‌కు 2017లో చేరింది. ఒక్క ఆడది ఏడాదిలో పది లక్షల దాకా గుడ్లు వదలగలదు. పిల్లలు కంటికి కనిపించవు, ఒక గరిటెడు నీళ్లు మిగిలినా అందులో ప్రయాణిస్తాయి. పెరిగాక పైపుల్లో, ఇంజిన్ నీటిదారుల్లో గడ్డకడతాయి. వాటి అంచులకు నీళ్లలో ఆడుకునే మన పిల్లల కాళ్లు కోసుకుంటాయి.

ముందు ట్రైలర్ ఎక్కించే పద్ధతి. ఇంజిన్ జోరుతో బోటును ట్రైలర్ మీదికి తోయడం చాలామందికి అలవాటు. ఆ ధార రాంప్ కాంక్రీటు చివర గొయ్యి తవ్వి, ఆ మట్టిని వెనక దిబ్బగా పోస్తుంది. తర్వాత వచ్చే ట్రైలర్ చక్రాలు గొయ్యిలో దిగి ఇరుసు వంగుతుంది, దిబ్బకు ప్రొపెల్లర్ తగులుతుంది. ట్రైలర్‌ను తగినంత లోతుకు దించి, ఇంజిన్ ఆపి, వించ్‌తో (తాడు చుట్టే చక్రం) లాగండి.

తర్వాత పైన పార్కింగులో, నీళ్లు తిరిగి సరస్సులోకి పారని చోట ఆపి, ఈ వరుసలో చేయండి.

శుభ్రం: మొక్కల ముక్కలు ఎక్కువగా చిక్కేది ట్రైలర్ ఇరుసు, రోలర్లు, బంకుల (బోటు ఆనే దిమ్మెల) కింద, లైటు వైర్ల చుట్టూ, ప్రొపెల్లర్ హబ్ వెనక, ట్రాన్స్‌డ్యూసర్ బ్రాకెట్‌లో, లంగరు గొలుసులో. అన్నీ చేత్తో పీకి చెత్తబుట్టలో వేయండి. మినెసోటాలో నీటిమొక్కను రోడ్డు మీద తీసుకెళ్లడమే నేరం. బోటు అడుగున అరచేత్తో రాయండి. గరుకు కాగితంలా తగిలితే అప్పుడే అతుక్కున్న మసెల్ పిల్లలు కావచ్చు.

నీళ్లు తీసేయడం: డ్రెయిన్ ప్లగ్ విప్పండి. లైవ్‌వెల్ (చేపల్ని బతికి ఉంచే తొట్టి), బిల్జ్, బ్యాలస్ట్ ట్యాంకులు, ఎర డబ్బా ఖాళీ చేయండి. ఔట్‌బోర్డ్‌ను పూర్తిగా కిందికి దించి లోపలి నీళ్లు కారనివ్వండి, పైకెత్తి ఉంచితే కింది భాగంలో నీళ్లు నిలిచిపోతాయి. గాలి తీసిన ట్యూబు మడతల్లోనూ, తడి లైఫ్ జాకెట్ల సంచిలోనూ నీళ్లుంటాయి. మినెసోటాలో ప్రయాణమంతా ప్లగ్ విప్పే ఉంచాలి. టెక్సస్‌లోనూ బహిరంగ జలాల నుంచి బయల్దేరేటప్పుడు నీళ్లన్నీ తీసేయాలని చట్టం ఉంది. విప్పిన ప్లగ్‌ను ఇగ్నిషన్ తాళానికి కట్టండి. మళ్లీ బోటు దించే రోజు పెట్టడం మరిచిపోతే బోటు మునుగుతుంది.

ఆరబెట్టడం: ఇంకో సరస్సుకు వెళ్లే ముందు కనీసం ఐదు రోజులు పూర్తిగా ఆరనివ్వండి. అంత వ్యవధి లేకపోతే వేడినీళ్లతో కడగాలి: 120 డిగ్రీల ఫారెన్‌హీట్ అయితే కనీసం 2 నిమిషాలు, 140 అయితే 10 సెకన్లు. ఆ వేడి నీటికి కాదు, కడిగే ఉపరితలానికి అందాలి. గొట్టంలో 140 ఉన్న నీళ్లు చల్లటి అల్యూమినియానికి తగలగానే చల్లబడతాయి, కాబట్టి చేయి తొందరగా జరపకండి. బ్యాలస్ట్ ట్యాంకులు పంపుతో పూర్తిగా ఖాళీ కావు. వేక్‌సర్ఫ్ బోటును వారాంతంలో రెండు సరస్సుల్లో తిప్పాలనుకుంటే, మధ్యలో డీకంటామినేషన్ కేంద్రంలో (బోట్లను వేడినీళ్లతో కడిగే చోటు) ట్యాంకుల లోపల కూడా వేడినీళ్లు పట్టించాలి.

మిగిలిన ఎర చేపల్నీ, వానపాముల్నీ చెత్తబుట్టలో వేయండి. వానపామును నేల మీద వదిలితే మంచిదే అనుకుంటాం. మినెసోటా అడవులకు వానపాము స్థానిక జీవి కాదు, అక్కడి ఆకుల పొరను తినేసి అడవినే మారుస్తుంది.

వాడిన డాక్, బోటు లిఫ్ట్ కొంటే, మినెసోటాలో ఇంకో సరస్సులో దించే ముందు 21 రోజులు ఆరబెట్టాలి. దాని కాళ్ల మీద చారల ఆల్చిప్పలు కనిపిస్తే, లేదా ఇంతవరకు అవి లేవన్న సరస్సులో మీ లంగరుకు ఒకటి అతుక్కుని వస్తే, నీళ్లలోకి విసిరేయకండి. పక్కన నాణెం పెట్టి ఫొటో తీసి, ఏ సరస్సో, ఏ మూలో, ఏ తేదీనో రాసుకుని, అదే రోజు రాష్ట్ర సహజవనరుల శాఖకు తెలపండి.